వదినకు అప్పజెప్పిన ఆడిటింగ్ పాఠం

మా వదిన మనవరాలు తిరుపతిలో నా దగ్గరే ఉండి సీఏ చదువుతోంది. మొన్న పొద్దున కాఫీ పట్టుకుని గదిలోకి వెళితే, ఆ పిల్ల పుస్తకం మూసేసి, ఎదురుగా ఎవరో కూర్చున్నట్టు గోడకేసి చూస్తూ, ఆడిటరు సరుకు నిల్వలను తన కళ్లతో ఎందుకు చూడాలో తెలుగులో వివరించి చెబుతోంది. ఏమిటే ఇదంటే, చదివినదాన్ని సొంత మాటల్లో ఎవరికైనా చెబితేనే వంటబడుతుందని ఫోన్ క్లాసులో సారు చెప్పాడట, ఇది కొత్త పద్ధతట. కొత్తదేమిటి నా మొహం, మీ నాయనమ్మ నగరిలో మగ్గాలకు నూలు కండెలు చుట్టుకుంటూ నాకు నేర్పిన పద్ధతే గదా అనబోయి నోరు మూసుకున్నాను. అది చెబితే తరవాత జరిగిందీ చెప్పాల్సి వస్తుంది.

మన కాలంలో చదువంటే బట్టీయే కదా. తిరుపతిలో ఒక ఆడిటరు దగ్గర సీఏ కోసం పని నేర్చుకుంటూ, పాత ప్రశ్నలకు అచ్చేసిన జవాబుల పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా కంఠస్థం పట్టి, ఆడిటింగ్ పేపరు ఇక నా జేబులో ఉందనుకున్నదాన్ని నేను. తీరా పరీక్షలో సిమెంటు కంపెనీ నిల్వల గురించి అడిగితే, నాకు వచ్చిన జవాబు చక్కెర ఫ్యాక్టరీది కాబట్టి, చెరుకు మడ్డితో సహా చక్కెర బస్తాలన్నీ ధైర్యంగా రాసి వచ్చాను. పోయింది. రెండోసారీ పోయింది. మరమగ్గాల మధ్య బతుకంతా గడిపిన మా నాయన కోప్పడలేదు గానీ, ఇంకొక్కసారే, అదీ కాకపోతే ఇంటికొచ్చి మగ్గం చూసుకోమన్నాడు.

అలా మూడోసారి చదువుకోవడానికి సెలవు పెట్టి నగరిలో మా ఇంటికి వచ్చాను. వదిన, అంటే మా అన్న భార్య, పదో తరగతి తెలుగు మీడియంలో ఫస్టు క్లాసులో పాసై, ఆ ఏడే మా ఇంటికి కోడలై వచ్చింది. రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ నన్ను అప్పజెప్పమనేది. నేను ఇంగ్లీషులో గడగడా దంచితే అంతా విని, “ఇంగ్లీసు నాకు రాదు గదా పాపా, అదేందో తెలుగులో సెప్పు” అనేది. చెప్పబోతే ఒక్క మాట పెగిలేది కాదు. రెండేళ్లుగా నోట్లో నానుతున్నదాంట్లో నాకు అర్థమైంది గోరంత కూడా లేదని అప్పుడే తెలిసింది. ఉడుకుమోతుతనం కొద్దీ నీకెందుకొదినా ఇవన్నీ అని కసిరాను కూడా. ఆమె ఏమీ అనుకోలేదు. తెగిన పోగు అతికించుకుని, మళ్లీ సెప్పమంది.

ఆడిటరు అన్నీ చూడలేడు, కొన్నింటినే ఎంచుకుని చూస్తాడన్న పాఠం దగ్గర నేను తడబడుతుంటే వదిన నవ్వింది. “మనకు నూలిచ్చి నేయించుకునే ఆసామి వచ్చినప్పుడు తానులన్నీ ఇప్పతాడా? కొత్తోడు నేసింది ఇప్పతాడు, ఊరికే పోగులు తెగే మగ్గం మిందది ఇప్పతాడు. దీనికింత తన్నుకలాట ఎందుకు?” ఆ ముక్కతో పది పేజీలు నా తలకెక్కాయి. తానులు మడిచేవాడే లెక్క కూడా రాసుకుంటే ఇంక చూసేదెవరని ఇంకోరోజు ఆమే అడిగింది. అది పుస్తకంలో నాలుగు పాఠాల తరవాత వచ్చే సంగతి. నేను చదివి చెప్పేలోపే ఆమెకు అందేది. అప్పుడు నాకు ముచ్చటేసిందే తప్ప, ఇంకే ఆలోచనా రాలేదు.

ఈసారి పాసయ్యాను. ఆడిటింగ్‌లోనే ఎక్కువ మార్కులు. ఇంట్లో అందరూ సంబరపడుతుంటే, వదిన నన్ను వంటింట్లోకి పిలిచి, నేనుగూడా ప్రైవేటుగా ఇంటర్ కట్టి, ఆనాక ఈ సదువు సదవొచ్చునా అని మెల్లగా అడిగింది. నేను పకపకా నవ్వి, నువ్వు చదువుకుంటూ కూర్చుంటే కండెలెవరు చుడతారు వదినా అన్నాను. ఆమె కూడా నవ్వింది. మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నలభై ఏళ్లకు పైగా ఎందరి తప్పులో పట్టుకుని బతికాను. నా తప్పు ఒప్పుకోవడానికి మాత్రం పోయిన నెలదాకా నోరు రాలేదు. మనవరాలిని చూడటానికి వదిన వచ్చినప్పుడు, పక్కన కూర్చుని, ఆ రోజు అలా నవ్వకుండా ఉండాల్సింది వదినా, నీకంత ఆశ ఉందని నాకు తెలియలేదు అన్నాను. ఆమె ఒలుస్తున్న చిక్కుడుకాయలు పక్కనబెట్టలేదు.

“ఆ ఇంటర్ కట్టే కాయితం ముందే తెప్పించి పెట్టుకోనుంటిని పాపా. నా పేరు, మీ అన్న పేరు, అన్నీ రాసేసి బియ్యం డబ్బాలో దాచి, నీ పాసు కోసరమే సూస్తా ఉంటిని. నువ్వు నవ్వినాక పొయ్యిలో ఏసేసినా.”

ఇప్పటి ఆడపిల్లలు ఎవరినీ అడగరు, మంచం మీద కూర్చునే ఫోనులో దరఖాస్తు పెట్టేసుకుంటారు. అది చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. వదిన కాలంలో ఎవరో ఒకరిని అడగాల్సి ఉండేది. అడిగితే అర్థం చేసుకుంటుందని ఆ ఇంటి మొత్తంలో ఆమె నమ్మింది నన్నొక్కదాన్నే.