మెట్ల కింది పుట్టిల్లు

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులవి. కొత్తపేటలో మా ఇంటి ముందు నుంచి ఊరేగింపు పోతుంటే మావారు గేటుకు తాళం వేసేవారు. గుంటూరు నుంచి వచ్చినవాళ్లం కదా, ఆయన భయం ఆయనది. పైవాటాలో అద్దెకుండే నల్గొండ అబ్బాయి అదే ఊరేగింపులో అరిచి అరిచి వచ్చి, మా వంటింట్లోనే మజ్జిగ తాగేవాడు. తాళం ఎవరి కోసమో నాకెప్పుడూ అర్థం కాలేదు.

అతనితోనే ఉండే తల్లికి మెడ తిరగదు, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. మోకాళ్లు వంగిపోయాయి. వాళ్ల ఊరి బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ ఎముకల్ని అలా చేసింది. కోడలికి నెలలు నిండుతున్నాయి. తొలికాన్పుకు పుట్టింటికి తీసుకుపోతానని వియ్యపురాలు చీర, గాజులు పట్టుకుని వచ్చింది. ఆ పుట్టిల్లూ ఆ ఊళ్లోనే.

అప్పుడే ఎన్నికల ప్రచారం మొదలైంది. "ఈపారి అన్ని పార్టీలోళ్లు కృష్ణ నీళ్లిస్తమంటున్రు వదినా. గోడల మీద గూడ రాసిన్రు," అంది వియ్యపురాలు.

"ఓట్లప్పుడు నీళ్లు ఎప్పుడూ ఒస్తయ్, మైకులల్ల," అంది అబ్బాయి తల్లి. "కోడల్ని నేను పంప. పుట్టే బిడ్డ బొక్కలు గా నీళ్లకిస్తనా?"

ఆ తల్లి కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది. కూతురికి కాన్పు చేయలేకపోయిందని ఊళ్లో అనిపించుకోవాలి మరి. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఓట్లడిగేవాళ్ల మీద ఒళ్లు మండింది. నా నోరు ఊరుకోదు. "మా ముందుగది ఖాళీగానే ఉంది. తల్లీకూతుళ్లు కిందికి దిగండి. ఇదే పుట్టిల్లనుకోండి," అన్నాను. మావారు పేపర్లోంచి తలెత్తి, మళ్లీ దించేశారు. మా ఇంట్లో దాన్నే ఒప్పుకోవడం అంటారు.

ఆడపిల్ల పుట్టింది. పురుడు వెళ్లాక బాలింతకు చీర పెట్టి, బొట్టు పెట్టి, మెట్ల మీదుగా అత్తింటికి సాగనంపాను. పైకే పోతోందని తెలిసినా ఏడుపాగలేదు.

పోలింగ్ నాడు, వాళ్ల ఊళ్లో ఓటున్నవాళ్లను తీసుకుపోవడానికి ఒక పార్టీవాళ్లు ఎల్బీనగర్ నుంచి మా గేటు దాకా జీపు పంపారు. పెద్దావిడ కర్ర పట్టుకుని బయల్దేరింది.

"వీళ్ల మాట నమ్మనన్నారుగా, ఇంత కష్టపడి పోవడమెందుకు?" అన్నాను.

ఆవిడ నిదానంగా మనిషంతా నా వైపు తిరిగింది. "నమ్మి కాదమ్మా. నువ్వు మా కోడలికి తల్లిగారిల్లయినవ్. నిన్ను మా ఊరికి పిల్వాలె గద. ఇంటికొచ్చినోళ్లకు ముందుగాల గ్లాసెడు నీళ్లియ్యాలె. గా నీళ్లు నీకెట్లిస్త?"

నేనే చెయ్యి పట్టుకుని జీపెక్కించాను.