ఎడమకు తిరగని కన్ను

పాకాల రైల్వేస్టేషన్ ముందు ఆటో తోలే జయరావుకు కువైట్ పేరెత్తితే ఒళ్లు మంట. ఆయన భార్య ఎస్తేరు అక్కడ ఎవరింట్లోనో వంట చేస్తోంది. కూతురు నిస్సీ నర్సింగ్ చదువు ముగిసేదాకా రానని చెప్పి పోయిన మనిషి. ఆదివారం ఫోన్లో కనబడే ఆమె మొహమే ఇతగాడికి వారమంతటికీ తిండీ నీళ్లూ.

అలాంటిది ఒకరోజు పొద్దున ఆటో తీస్తే, ఎడమవైపు ప్రతి లారీ రెండుగా కనిపించింది. ఒక కన్ను మూస్తే ఒకటే, తెరిస్తే మళ్లీ రెండు. అద్దంలో చూసుకుంటే ఎడమ కన్ను ఎడమకు పోనని మొరాయిస్తోంది. కన్ను జారిందనుకున్నాడు మహానుభావుడు! అప్పుడెప్పుడో మణికట్టు జారితే పుత్తూరు కట్టు సరిచేసింది కదా, దీన్ని మాత్రం చెయ్యదా అని నేరుగా పుత్తూరు బస్సెక్కాడు.

కట్టు కట్టే పెద్దాయన గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కీలు కాదప్పా, నరం. దీనికి కట్టు యాడ కట్టేది? తిరుపతికి పో" అన్నాడు.

తిరుపతి డాక్టరు చెప్పింది ఆయన బుర్రకెక్కలేదు. ఇంటికొచ్చాక నిస్సీ విడమరిచింది.

"ఒక్కో కంటిని తిప్పేదానికి ఆరు కండరాలుండాయి నాయనా. మెదడు నుంచి వచ్చే మూడు నరాలు వాటిని ఆడిస్తాయి. అందులో ఒకటి కంటిని బయటి పక్కకు లాగుతాది. షుగరు మాత్రలు మింగమంటే వింటివా? ఆ నరమే దెబ్బతినింది. కొన్ని నెలల్లో బాగవుతాదంట. అందాకా ఆటో ముట్టుకోవద్దు."

"మీ అమ్మకు మాత్రం చెప్పబాక" అన్నాడు జయరావు.

చెబితే ఎస్తేరు ఉన్నపళంగా వచ్చేస్తుంది, పిల్ల చదువు మధ్యలో ఆగిపోతుంది. ఆమె రావాలనే ఉంది ఆయనకు. ఆమె కోసం ప్రాణం కొట్టుకుపోతోంది. అయినా నోరు కుట్టేసుకున్నాడు.

ఆదివారం ఫోన్ను గూట్లో డబ్బాకు ఆనించి, ఎదురుగా మంచం మీద కూర్చున్నాడు. నేరుగా చూస్తే ఇద్దరు ఎస్తేరులు. మొహం ఎడమకు తిప్పి ఓరకంట చూస్తే ఒక్కతే. అట్లాగే కూర్చుని మాట్లాడాడు. మరుసటి వారమూ అంతే. ఆ పై వారం ఎస్తేరు ఓపిక తెగింది.

"ఏమయ్యా, ఎప్పుడు సూసినా మొగం తిప్పుకోనుండావు. నేనేం తప్పు చేసినాను? నాకు మాత్రం ఈడ సుఖంగా ఉండాదా?" అంటూనే ఏడుపందుకుంది.

అలిగాననుకుంటోంది, పిచ్చిది! జయరావు ఇక ఉండబట్టలేకపోయాడు. మొహం నేరుగా పెట్టి ఫోన్ కేసి చూశాడు. ఇద్దరు ఎస్తేరులూ ఏడుస్తున్నారు.

"కోపం కాదే. కంటి నరం దెబ్బతినింది. నేరుగా సూస్తే నువ్వు ఇద్దరుగా కనపడతావుండావు. బాగవుతాదని డాక్టరు చెప్పినాడులే."

ఎస్తేరు కొంగుతో నోరు మూసుకుంది. ఈసారి ఆయన మొహం తిప్పలేదు, ఇద్దర్నీ చూస్తూ కూర్చున్నాడు.

"ఎస్తేరూ," అన్నాడు చివరికి, "పిల్ల చదువు కోసం ఒకర్తి ఆడనే ఉండనీ. ఇంకొకర్తిని ఇంటికి పంపియ్యి."