రెండవ అంతస్తులోని నేతిబీర

మిర్యాలగూడలో రైలుకట్టకు కొంచెం ఇవతల, రెండవ అంతస్తులోని కిరాయి ఇంట్లో సులోచన తొమ్మిదేళ్లుగా కాపురముంటోంది. భర్త బిక్షం బియ్యపు మిల్లులో బాయిలరు దగ్గర పనిచేస్తాడు. ఇంటి ముందు నాలుగడుగుల వెడల్పున్న బాల్కనీయే ఆమె పొలం. పగిలిన బకెట్లు, ఖాళీ రంగు డబ్బాలు, కడిగి తిరగేసి కుట్టిన సిమెంటు సంచులు ఆమె మడులు. మట్టి బరువైతే స్లాబుకు మంచిది కాదని, బిక్షం మిల్లు నుండి తెచ్చే ఊకను మాగబెట్టి అందులో సగానికి సగం కలుపుతుంది. బియ్యం కడిగిన నీళ్లు ఆ ఇంట ఒక్క చుక్కైనా మోరీలో పడవు.

కాలం తప్పి విత్తనం వేయడం ఆమె దృష్టిలో వేళ తప్పి దీపం పెట్టడం వంటిది. మృగశిర కార్తెలో బీర, గోంగూర; చలి మొదలైతే మెంతి, కొత్తిమీర; ఎండలు ముదిరితే పాత చీర నీడన తోటకూర. ఏ మొక్క తొలికాపైనా ముందు దేవుడి పటం ముందుకు చేరుతుంది. ఆ తరువాతనే పొయ్యి మీదికి వెళ్తుంది.

అన్ని మొక్కలలోను ఆమె ప్రాణం నేతిబీర మీద. నిడమనూరులో తల్లి గోపమ్మ పశువుల కొట్టం మీదికి పాకించిన తీగ అది. కాయ పొట్టిది, లేతది. కోస్తే కత్తికి నెయ్యి రాసినట్టుండేది. గోపమ్మ కాలం చేసింది. కొట్టం ఉన్న చోట ఇప్పుడు వరి పండుతోంది. ఊరంతా అడిగినా ఆ రకం గింజ ఎవరింటా దొరకలేదు. అందుకే ఏటా మొదలుకు దగ్గరగా పుట్టిన కాయ ఒకదానికి పసుపు దారం కట్టి, విత్తనానికని వదిలేసేది. అయితే నిరుడు దాచిన గింజలకు పురుగు పట్టింది. మిగిలిన నాలుగింటితో ఈ ఏడు తీగ పెంచితే, పిందెలను కోతులు కొరికి పోశాయి. ముదిరి ఎండిన కాయ ఒక్కటే దక్కింది. తల్లి తీగ వంశమంతా ఆ ఒక్క కాయలోనే ఉంది.

పుష్యమాసంలో కూతురు సుమలత కాన్పుకని సులోచన సూర్యాపేట వెళ్లింది. తల్లీబిడ్డలు క్షేమంగా ఇల్లు చేరాక, మూడు వారాలకు తిరిగి వచ్చింది. చెప్పులైనా విడవకుండా బాల్కనీలోకి నడిచింది. తీగ బరువుకు కమ్మీ దాటి కిందికి జారి ఉంది. కాయకు కట్టిన పసుపు దారం మాత్రం ఊడి పైనే చువ్వకు వేలాడుతోంది. కాయ లేదు.

“కాయేది?” అన్నది భర్తతో.

“నీళ్లు పొయ్యమన్నవ్, పోసిన. కాయలకు కాపలా కూడ పండుకోమన్నవా?”

“నవ్వులాట గాదయ్యా. విత్తనపు కాయ అది!”

“అయితే దొంగ మంచోడే. ఇంట్ల నన్ను ఇడిసిపెట్టి కాయనొక్కదాన్నే ఎత్తుకపోయిండు” అన్నాడు బిక్షం. భార్య ముఖం చూసి వెంటనే చెప్పులేసుకున్నాడు. “పా, కిందింట్ల అడుగుదాం.”

కింది అంతస్తులో రంగనాయకమ్మ ఉంటుంది. డెబ్బై దాటిన ఇల్లాలు. పూజ ముగిసేదాకా మంచినీళ్లు ముట్టదు. ఆమె వంటింటి కిటికీకి ఎదురుగానే తీగ కొస వేలాడుతోంది. సంగతి చెప్పగానే ఆమె చేతిలోని పంచపాత్ర కిందపెట్టింది. పాత్ర అద్దంలా మెరుస్తోంది.

“నేనే కోసిన బిడ్డా! ఏడాదికొక్కటి నువ్వు దేవుని గిన్నెలు తోమనీకె పీచు ఇస్తవ్ గదా. ఊరికి పోతా పోతా నా కిటికీ కాడికి ఇడిసినవేమో అనుకున్న.”

ఏటా పంచిపెట్టే తన అలవాటే ఈ పొరపాటుకు మూలమని సులోచనకు అర్థమైంది. కోపానికి చోటు లేకపోయింది. భయం మాత్రం అట్లాగే ఉంది.

“పెద్దమ్మా, అండ్ల గింజలేం జేసినవ్?”

“గింజలు పారేస్తనా! కోదాడల మా అరుంధతి కుండీలు పెట్టుకుంది. మనుమడు పోతుంటే పొట్లం కట్టి పంపిన.”

రంగనాయకమ్మ తన కూతురికి అప్పటికప్పుడు ఫోను కలిపింది. అరుంధతి గొంతు గదంతా వినిపించింది. “వేసి పన్నెండు రోజులైందమ్మా. ఒక్కటీ మొలవలేదు. పుచ్చు గింజలేమో. రేపు ఆ మట్టి తిరగేసి బంతి నారు పెడదామనుకుంటున్నా.”

“పారబొయ్యకు తల్లీ!” అన్నది సులోచన, ఫోను తన చేతిలో లేదన్న సంగతి మరచి. “నేనొస్తున్న. నేనొచ్చిందాక దాన్ని ముట్టకు!”

మరునాడు తొలి బస్సు ఎక్కింది. గింజ మట్టిలో ఉందంటే దేవుడి చేతిలో ఉన్నట్టేనని దారి పొడుగునా మనసుకు చెప్పుకొంది. పన్నెండు రోజుల తడిలో అది కుళ్లిందో, బతికిందో మాత్రం మనసు తేల్చుకోలేకపోయింది.

కోదాడలో అరుంధతి గుమ్మంలోనే ఎదురైంది. “రండక్కా, రండి. అమ్మ పొద్దున్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేసింది. మీకన్నా ఆవిడకే కంగారెక్కువగా ఉంది.”

కుండీలు ఉత్తరపు గోడ నీడన ఉన్నాయి. మట్టి మంచు తాకినట్టు చల్లగా ఉంది.

“ఎంత లోతుకు పెట్టినవమ్మా?”

“వేలంత లోతు పెట్టమని ఎవరో చెప్పారండి.” అరుంధతి నడిమి వేలు పూర్తిగా చాపి చూపింది.

“ఓరి నీ బంగారం గాను! ఒక్క కణుపు చాలు. గంత లోతుకెల్లి అది పైకి రావాల్నంటే లిఫ్టు పెట్టాలె!”

అరుంధతి నవ్వింది. సులోచన నవ్వలేదు. చీపురుపుల్లతో మట్టిని రవ్వంత రవ్వంత తొలగించసాగింది. నల్లని గింజ కనబడింది. పక్కకు తిప్పింది. పెంకు అంచున చీలిక. అందులోనుండి బియ్యపు గింజంత తెల్లని వేరు తొంగిచూస్తోంది. రెండవ గింజకూ వేరు ఉంది. మూడవది ఇంకా ఉబ్బుతోంది.

సులోచన ఆ గచ్చు మీదనే చతికిలబడి రెండు చేతులూ జోడించింది.

“ఏం కాలే బిడ్డా. మంచిగనే ఉన్నయ్. నీడకు, చలికి సోయి లేక పండుకున్నయ్ గంతే. జర ఛాయ్ పెట్టు. నిన్నటి సంది గొంతుల ఏం దిగలే.”

టీ వచ్చేలోగా గింజలన్నిటినీ కణుపు లోతుకు మార్చింది. కుండీలను ఎండ తగిలే వైపుకు జరిపి, రాత్రివేళ గోనెపట్టా ఎట్లా కప్పాలో చూపించింది. అంతలో బిక్షం ఫోను చేశాడు.

“దొరికిండా దొంగ?”

“దొంగలింట్లనే కూసున్న. ఛాయ్ పోస్తున్నరు.”

అరుంధతి ఒక పెరుగు డబ్బా తెచ్చింది. “అన్నీ తీసుకెళ్లండక్కా. మీ అమ్మగారి గింజలు కదా.”

సులోచన వేరు తొడిగిన గింజలు రెండింటిని మట్టితో సహా ఎత్తి డబ్బాలో పెట్టుకొంది. మిగిలిన వాటి వైపు కొంతసేపు చూసింది. తల్లి కొట్టం మీద నుండి తన బాల్కనీకి వచ్చిన తీగను ఇన్నేళ్లూ తానొక్కతే కాచుకొంది. ఒక పురుగు, ఒక కోతిమూక, ఒక కాన్పు ప్రయాణం చాలు, అది అంతరించడానికి. కాయలు ఇంటింటికీ పంచింది, పీచు పంచింది, గింజను మాత్రం ఎవరికీ ఇవ్వాలని తోచలేదు. తాను తలచని దానం రంగనాయకమ్మ చేతుల మీదుగా జరిపించిన స్వామికి ఆమె మనసులోనే మొక్కుకొంది.

“మిగిలినయ్ గీడనే ఉండనీ” అన్నది లేస్తూ. “నా తీగకేమన్న అయితే, కోదాడకు బస్సుంటది.”

తిరుగు బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. డబ్బాను ఒడిలో పెట్టుకొని, కొంగు కప్పి కూర్చుంది. నిన్నటి రాత్రి రెప్ప వాల్చని సులోచనకు హుజూర్‌నగర్ రాకముందే నిద్ర పట్టింది.