వామన్‌రావు తూచిన తలనొప్పి

వామన్‌రావు చెవిన ‘తగ్గింది’ అన్న మాట పడకూడదు. పడిందంటే, ఎంత తగ్గిందో చెప్పేదాకా మనిషిని కదలనిచ్చేవాడు కాదు. ఆయన తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. సేర్లు పోయి కిలోలు వచ్చిన రోజుల్లో నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా ఒక్క తరాజును వదలకుండా తనిఖీ చేసి, ఆ ఊపు ఆపుకోలేక ఇంటిమీద పడ్డాడని గల్లీలో చెప్పుకునేవారు. జ్వరం తగ్గిందంటే థర్మామీటరు తెచ్చేవాడు. వాన తగ్గిందంటే వాకిట్లో గిన్నె పెట్టేవాడు.

“నా కోపం తగ్గింది, అన్నానికి రాండ్రి,” అని భార్య సౌభాగ్య పిలిచినా అదే ప్రశ్న.

“ఎంత తగ్గింది?”

“పావు వంతు మిగిలింది. ఇంకో మాట మాట్లాడిన్రంటే మళ్లా నిండుతది.”

వెంటనే నోరు మూసుకుని పీట మీద కూర్చునేవాడు. కచ్చితమైన లెక్కంటే ఆయనకు గౌరవం.

అలాంటి మనిషి ఇంట్లో మేడమీది గది కిరాయికి తీసుకుంది శశికళ. ఆబిడ్స్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమెకు ఒంటి తలనొప్పి. వచ్చిందంటే సగం తలలో ఎవరో కొలిమి పెట్టినట్టుండేది. వెలుతురు, చప్పుడు, నూనె వాసన ఏవీ పడేవి కావు. నెలకు తొమ్మిది సెలవులు. డెబ్బై ఒకటి జనవరిలో సూపరింటెండెంటు పిలిచి, “ఏప్రిల్‌ల నాలుగు సెలవులు దాటితే మే పర్మనెంటు లిస్టుల నీ పేరుండదమ్మా,” అని చెప్పేశాడు.

గల్లీ గల్లీ అంతా వైద్యం మొదలుపెట్టింది. “పొద్దు పొడవకముందు వేడి పాలల్ల జిలేబి నానబెట్టి తిను బిడ్డా, ఈ ఆధాసీసీ నొప్పి ఉరుకుతది,” అంది సౌభాగ్య. పదకొండు రోజులు తింది. వామన్‌రావు ఆమెను నాంపల్లి స్టేషన్లో పార్సిళ్ల కాటా మీద నిలబెట్టి తీర్పు చెప్పాడు: “నొప్పి ఒక్క గంట తగ్గలే. పిల్ల మాత్రం కిలోన్నర పెరిగింది.”

చివరికి డాక్టర్ విద్యాసాగర్ ఒక మాత్ర రాశాడు. నొప్పి వచ్చాక వేసుకునేది కాదు, రాకుండా రోజూ వేసుకునేది. వామన్‌రావుకు అన్నం సయించలేదు.

“రాని నొప్పిని ఎట్ల కొలుస్తరు?” అని సౌభాగ్య ఎగతాళి.

మొదట బరువుతో ప్రయత్నించాడు. “ఇయ్యాల నొప్పి ఎన్ని తులాలుంది?”

“తలకాయే తీసిస్త చిన్నాయనా, తూచుకోండ్రి,” అంది శశికళ దుప్పటి లోంచి.

ఆ తర్వాత దారి దొరికింది. ఎన్ని తులాలైతేనేం, ఆఫీసుకు పోలేని రోజులు ఎన్నో లెక్కపెడితే చాలు. రోజూ తొమ్మిదిన్నరకు మెట్ల కింద నిలబడి, “పోతున్నవా, పండుకున్నవా?” అని కేకేసి, ‘పండుకున్న’ అంటే క్యాలెండరు మీద గీత గీసేవాడు.

ఫిబ్రవరి అయ్యాక ఇద్దరూ దవాఖానకు వెళ్లారు.

“ఎట్లుందమ్మా?” అన్నాడు డాక్టరు.

“మీ దయవల్ల తగ్గింది సార్,” అని చేతులు జోడించింది శశికళ. తగ్గలేదని డాక్టరుతో అనడమంటే పెళ్లిలో భోజనం చేసి వంట బాగాలేదనడమే, ఆమె పెరిగిన ఇంట్లో. డాక్టరు ‘గుణం ఉంది’ అని రాసుకున్నాడు. ఆయన పుస్తకంలో రోగులందరికీ గుణమే. చచ్చిపోయినవాళ్లే మర్యాద తప్పినవాళ్లు.

“ఎంత తగ్గింది?” అని లేచాడు వామన్‌రావు. “జనవరిల తొమ్మిది రోజులు, ఫిబ్రవరిల ఎనిమిది.”

“చూశారా! ఒకటి తగ్గింది.”

“అది మీ మాత్ర తగ్గించలే సార్, ఫిబ్రవరి తగ్గించింది. ఇరవై ఎనిమిది రోజులే గద దానికి!”

డాక్టరు ముఖం ఎర్రబడింది. క్యాలెండరు చూశాడు, పకపకా నవ్వాడు, మాత్ర మార్చాడు.

మార్చిలో నాలుగే గీతలు. డాక్టరు సంతోషం పట్టలేక తన చేత్తోనే శశికళకు చాయ్ అందించాడు. వామన్‌రావు మాత్రం చాయ్ ముట్టలేదు.

“ఈ లెక్క చెల్లదు సార్. ఇందుల దగా ఉంది.”

“ఎవరు చేసిన్రు?”

“నేనే.”

సంగతి ఇది. మార్చిలో శశికళ ‘పండుకున్న’ అన్నప్పుడల్లా ఆయన నేరుగా గల్లీలోని బిచ్చయ్య మిఠాయి దుకాణానికి పోయేవాడు. బిచ్చయ్య రేడియో పాడితే అసెంబ్లీలో స్పీకరు గంట కొట్టేవాడని ప్రతీతి. పదేళ్లుగా మామూలు ఎంతని అడిగి తిట్లు తింటున్న బిచ్చయ్య, అలవాటు కొద్దీ మళ్లీ అడిగాడు.

“రేడియో బంద్ చెయ్యి. మిర్చి బజ్జీల బాండ్లి దించు. గదే మామూలు.”

“ఎప్పటిదాంక సారూ?”

“పిల్ల లేచేదాంక.”

పక్కనే రేకు డబ్బాలు చేసే పోచయ్య సుత్తి కూడా మూగబోయింది. అందుకు బదులుగా బిచ్చయ్య తరాజు నెలంతా తనిఖీ తప్పించుకుంది. ఒక్క పైసా ముట్టని ఇన్‌స్పెక్టరు నిశ్శబ్దాన్ని లంచంగా తిన్నాడు.

 నొప్పి వచ్చినప్పుడల్లా గల్లీలో రేడియో చెడిపోయిందని దేవుడికి దండం పెట్టుకుంది శశికళ.

“గందుకే సార్,” అన్నాడు వామన్‌రావు తల దించుకుని, “నొప్పి రెండో రోజుకు సాగకుండ చేసింది మాత్రనో, రేడియో బందో చెప్పలేం.”

డాక్టరుకు ఇప్పుడు కొలతల పిచ్చి అంటుకుంది. “అయితే ఏప్రిల్‌లో అన్నీ మోగనియ్యండి. మాత్ర ఒక్కటే వాడి చూద్దాం. అసలు లెక్క తేలిపోతుంది.”

ఏప్రిల్! నాలుగు సెలవులు దాటకూడని నెల. అసలు లెక్కంటే చిన్నాయన కాదనడనుకుంది శశికళ.

“వద్దు సార్,” అన్నాడు వామన్‌రావు. “రెండూ నడవనియ్యుండ్రి.”

“మరి దేనివల్ల తగ్గిందో ఎట్లా తెలుస్తుంది?”

“తెల్వకుంటే ఏమైతది? పిల్ల నౌకరీ నిలవడాలె.”

స్టేషను గడియారమే ‘పదో, పదకొండో అయ్యుంటుంది’ అంటే విన్నట్టు, డాక్టరు ఆయన్ని నోరు తెరుచుకుని చూశాడు.

ఏప్రిల్‌లో మూడే సెలవులు. మే మొదటివారంలో పర్మనెంటు ఆర్డరు వచ్చింది. ఆ సంబరానికి బిచ్చయ్య రేడియో గొంతు పూర్తిగా విప్పాడు. పోచయ్య రేకు డబ్బాల మీద డప్పు దరువు వేశాడు. గల్లీకంతా వేడివేడి మిర్చి బజ్జీలు.

మర్నాడు పర్మనెంటు టైపిస్టు శశికళ కళ్లకు గుడ్డ కట్టుకుని మొదటి సెలవు చీటీ రాసింది. దాన్ని వామన్‌రావే ఆబిడ్స్‌కు తీసుకెళ్లి ఇచ్చాడు.

సూపరింటెండెంటు చీటీ తిప్పి చూశాడు. “కారణం రాయలే. ఏం రాసుకోమంటరు?”

“మా గల్లీ సంతోషం అని రాసుకోండ్రి సార్,” అన్నాడు వామన్‌రావు.