తారకేశ్వరరావు పాత లెన్సు

కాశీబుగ్గలో నా జీడిపప్పు కొట్టు పక్కనే తారకేశ్వరరావు ఫొటో స్టూడియో. మనిషి మంచివాడే గానీ ఒట్టి మొండి. కూతురు చందన టెక్కలిలో ఉద్యోగంలో చేరి కొత్త కెమెరా కొనిపెట్టింది. సంతోషించాల్సింది పోయి, ముప్ఫై ఏళ్లనాటి తన మాక్రో లెన్సు, చిన్నవాటిని పెద్దగా తీసేది, దానికి సరిపడుతుందా లేదా అని పట్టుకు కూర్చున్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. మనవాడికి అంతా తలకిందులే.

ఆ మొండితనానికి కారణం లేకపోలేదు. అటక మీద రేకుపెట్టెల్లో ఉద్దానం ఊళ్లవాళ్ల నెగెటివులు రెండువేల దాకా ఉన్నాయి. వాళ్లలో సగంమంది ఇప్పుడు లేరు, కిడ్నీల జబ్బు మింగేసింది. ఉప్పుగాలికి నెగెటివులకు బూజు పడుతోంది. ఆ లెన్సు కొత్త కెమెరాకు పడితే చిన్న నెగెటివును కూడా దగ్గరగా తీసి ఆ మొహాలను కాపాడొచ్చు. పడకపోతే పెట్టెలతో సహా పోతాయి. వాటిలో అతని భార్య కృష్ణవేణి కూడా ఉంది. ఆ జబ్బుతోనే పోయింది, ఇరవై ఏళ్లు దాటింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం నన్నూ పిలిచాడు. పాత లెన్సును కొత్త కెమెరాకు కలిపే రింగు చందన విశాఖ నుంచి తెప్పించింది. తీరా బిగించాక, అసలు లెన్సే లేదని తెర మీద రాసింది కెమెరా. నాకు నవ్వొచ్చింది. చందన మెనూలో వెతికి ఏదో మార్చాక దారికొచ్చింది. ఫోకస్ మాత్రం దానంతటది పట్టదు, చేత్తో తిప్పుకోవాలి. తారకేశ్వరరావుకి అలవాటైన పని అదే.

పరీక్షకు కృష్ణవేణి నెగెటివే తీశాడు. చందనకు రెండేళ్లప్పటిది. లైటు పలక మీద పెట్టి లెన్సు తిప్పుతుంటే మంచులోంచి వచ్చినట్టు మొహం తేలింది. చందన దాన్ని నెగెటివు నుంచి మామూలు ఫొటోగా మార్చింది. ఆవిడ మమ్మల్నే చూస్తోంది. అతను ఇంకా దగ్గరకు తీశాడు. కళ్ల కింద తెల్లటి గీతలు, వెంట్రుక కంటే సన్నం, పక్కపక్కనే వందలకొద్దీ.

పాతరోజుల్లో నెగెటివు మీద సన్నగా చెక్కిన పెన్సిలుతో గీసేవారు, నీడలు పోయి మొహం నున్నగా వస్తుందని. ఆ పనిలో తారకేశ్వరరావును మించినవాడు లేడని మేమంతా మెచ్చుకునేవాళ్లం.

అతను దూది స్పిరిట్‌లో తడిపి గీతలు తుడిచి, మళ్లీ తీశాడు. ఈసారి కళ్ల కింద ఉబ్బు కనబడింది. నిద్ర చాలని ఉబ్బు కాదది, కిడ్నీలు చెడితే వచ్చేది, ఉద్దానంలో పుట్టినవాడెవడైనా ఇప్పుడు గుర్తుపడతాడు. ఆవిడకు జబ్బని తెలిసింది ఆ ఫొటో తీసిన ఏడాదిన్నరకి.

"నానే గీసీసినాను," అన్నాడు. "అందంగా రావాలని."

అప్పట్లో ఎవరికి తెలుసు బావా అన్నాను. అతను అటక మీది పెట్టెలకేసి చూశాడు. ఆ రెండువేలమందిలో ఎందరి కళ్ల కింద అలా గీశాడో అనుకున్నాను. చందన కళ్లు తుడుచుకుని, ఇంతకీ లెన్సు పనికొస్తుందా నాన్నా అని అడిగింది. మాట మార్చడానికే అడిగింది పాపం.

అతను స్టాండు మీంచి కెమెరా ఊడదీసి, కూతుర్ని కిటికీ వెలుతుర్లో కూర్చోమన్నాడు. నవ్వొద్దన్నాడు. ఆమె కళ్లకు జానెడు దూరంలో పెట్టి చాలాసేపు లెన్సు తిప్పాడు. ఫొటో తియ్యలేదు. కెమెరా దించి, ఆమె కళ్ల కింద వేలితో మెల్లగా నొక్కి చూశాడు.

"లెన్సు సరిపోయినాదమ్మా," అన్నాడు. "రేపు పొద్దున్నే ఆసుపత్రికెల్దాం. నీకు రగతం పరీచ్చ సేయిద్దాం."