పదకొండుతో పోయే నంబరు

అరబ్బు దేశంలో, హవల్లీ అనే ఊళ్లోని మా ల్యాబ్‌లో లేబుల్ మిషను వేడి కాగితం వాసన వస్తే చాలు, సుభద్ర గారు నా భుజం మీంచి తొంగి చూస్తున్నట్టే ఉంటుంది. ఆవిడది అమలాపురం దగ్గర. మనుషులతో ఎంత కలుపుగోలుగా ఉండేవారో, అంకెలను అంత అనుమానించేవారు. ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. నేను విజయవాడ నుంచి కొత్తగా వచ్చిన టెక్నీషియన్ని. పేర్లను ఆవిడ అసలు నమ్మేవారు కాదు. మన పేరు అరబిక్‌లోకి వెళ్లి ఇంగ్లీషులోకి తిరిగొచ్చేసరికి శ్రీను కాస్తా సరీనో అయ్యేవాడు. అందుకని ప్రతి రక్తం ట్యూబుకూ తొమ్మిదంకెల నంబరు వేసేవారు, అదీ పదకొండుతో శేషం లేకుండా పోయేదే. ఒకటి విడిచి ఒకటి అంకెలు కూడి, రెండు మొత్తాల తేడా చూడాలి. సున్నా గానీ పదకొండో ఎక్కంలోది గానీ వస్తేనే అది మా నంబరు.

ఇదేం చాదస్తంరా దేవుడా అనుకునేదాన్ని. ఆవిడ చూడనప్పుడు రిపోర్టు మీది అంకెలన్నీ గబగబా కూడేసి, రిజిస్టరులోని మొత్తంతో కలిస్తే టిక్కు పెట్టేసేదాన్ని.

రుమైథియాలో డ్రైవరు పనికి కుదిరిన శ్రీను రిపోర్టు కూడా అలాగే ఇచ్చేశాను. మా ట్యూబులు పరీక్షించే బయటి పెద్ద ల్యాబ్ నుంచి వచ్చిన కాగితం అది. కాలేయం చెడింది, పనికి తగడు అని ఉంది. అతను కౌంటరు పట్టుకుని ఏడ్చేశాడు.

"నాకే జబ్బూ లేదండి మేడంగారూ. ఇది చూత్తే పనిలో పెట్టుకున్న కఫీల్ ఇక్కడుండడానికి ఇఖామా కొట్టించడండి. ఇంటికి పంపేత్తాడండి."

సుభద్ర గారు కాగితం లాక్కున్నారు. 30,58,74,124. ఆవిడ పెదాలు కదిలాయి.

"ఇరవై... పద్నాలుగు. తేడా ఆరు. ఇది మనది కాదే అమ్మాయ్!"

"మొత్తం ముప్పై నాలుగు, సరిపోయిందండీ."

"పక్కపక్క అంకెలు తారుమారైతే మొత్తం మారుతుందేంటి? బుర్ర పెట్టి చూడు."

రిజిస్టరులో ఉన్నది 30,58,47,124. నలభై ఏడు ఉండాల్సిన చోట డెబ్భై నాలుగు. అదే పేరున్న వేరే క్లినిక్ మనిషి కాగితం మా కట్టలో కలిసిపోయింది. మర్నాడు శ్రీను అసలు రిపోర్టు వచ్చింది, ఏ జబ్బూ లేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత నేను చూసిన ప్రతి నంబరూ ఆవిడ మళ్లీ చూసేవారు. ఒళ్లు మండిపోయేది. "నా మీద నమ్మకం లేదాండీ?" అని ఒకసారి అడిగేశాను. "లేదు," అన్నారు నవ్వుతూ.

పోయిన వేసవిలో నీరసంగా ఉందని ఆవిడే పరీక్షకి రక్తం ఇచ్చారు. రిపోర్టు నా చేతికి వచ్చింది. అందులో ఉన్నది నయం కాని జబ్బు. ఈ నంబరు మాది కాకూడదని దేవుడికి దండం పెట్టుకుని అంకెలు కూడాను. తేడా సున్నా. వెనక నుంచి మళ్లీ కూడి చూశాను. సున్నాయే.

"పదకొండుతో పోయిందా?" కుర్చీలోంచే అడిగారు.

"పోయిందండీ."

"సరిగ్గా చూశావా?"

"నాలుగు సార్లు చూశానండీ."

కాగితం కోసం ఆవిడ చెయ్యి చాపలేదు. "అయితే సరే," అన్నారు.

నా లెక్కను ఆవిడ మళ్లీ చూడకుండా నమ్మింది ఆ ఒక్కసారే. ఆవిడిప్పుడు లేరు. ఏ నంబరునూ చూడగానే నమ్మలేని గుణం మాత్రం నాకు అంటించిపోయారు. ఆవిడ రిపోర్టు మీది ఆ తొమ్మిదంకెలూ నాకు నోటికొచ్చు. ఒక్కసారైనా తేడా వస్తుందేమోనని ఇప్పటికీ కూడుతూనే ఉంటాను.