అంచు నిమ్మళమైనంక

పటాన్‌చెరులో బస్సెక్కాక కూడా, నా పరిశోధనను తన పేరుతో అచ్చేయించుకున్న ప్రొఫెసర్‌ను మనసులో తిడుతూనే ఉన్నాను. పక్కసీటు పెద్దమ్మ నా చేతిలోని పరిశోధన కాగితం మీది బొమ్మ చూసి, "గిదేంది బిడ్డా?" అంది.

"ప్లాస్మా అంటరమ్మా, సూర్యుని లోపలి మంట అసొంటిది. అయస్కాంతంతోని పట్టి ఉంచుతరు. ఎంత వేడి పెంచితే అంత అంచులకెల్లి కారిపోతది. వేడి ఒక హద్దు దాటినంక అంచు ఒక్కసారే నిమ్మళమైతది. ఇగ వేడంత లోపల్నే నిలుస్తది."

"నా తీరుగనే ఉంది. మా బాయినీళ్లు ఖరాబు జేసిన కంపెనీ గేటు కాడ ఏండ్లకేండ్లు లొల్లి జేస్కుంట ఒర్లిన. ఇప్పుడు ఒర్లుత లేను. మర్సిపోయిందనుకుంటున్నరు."

సంగారెడ్డి కోర్టు దగ్గర ఆమె కేసు కాగితాల సంచితో నెమ్మదిగా దిగింది.

మర్నాడు ప్రొఫెసర్ ఎదురైతే నవ్వుతూ నమస్కరించాను. నేనూ మర్చిపోయాననుకుని ఆయన భుజం తట్టారు. ఇప్పటికీ నమస్కరిస్తూనే ఉన్నాను.